నేల వాటా: చెరకు ఆకు నుంచి వరి కొయ్యకాలు దాకా

మేడారం జాతరకు రెండేళ్లకోసారి బెల్లం బస్తాలు లారీల కొద్దీ చేరతాయి. నిలువెత్తు బంగారం మొక్కుకున్నవాళ్లు తమ బరువుకు సరితూగే బెల్లాన్ని సమ్మక్క, సారలమ్మల గద్దెల దగ్గర ఒప్పజెప్తారు. ఆ బెల్లంలో వరంగల్ చుట్టుపక్కల పండిన చెరకు పాలు బహు తక్కువ. ఇక్కడి పంటలు వరి, పత్తి, మొక్కజొన్న, మిర్చి. తెలంగాణలో చెరకు తోట చూడాలంటే జహీరాబాద్ వైపో, కామారెడ్డి వైపో పోవాలి. 1937లో బోధన్‌లో మొదలై ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు మోసిన నిజాం చక్కెర కర్మాగారం కూడా 2015 చివర్లో మూతపడింది.

అయినా వరంగల్ నేల గురించిన ఈ అధ్యాయాన్ని చెరకు తోటతోనే మొదలుపెడుతున్నాను. కోత తర్వాత పొలంలో మిగిలిన ఆకునూ మోడునూ తగలబెడితే నేలకు ఏమవుతుంది, వాటిని నేల మీదే ఉంచితే ఏమవుతుంది అనే ప్రశ్నను చెరకు శాస్త్రవేత్తలు ఒక జీవితకాలం కంటే ఎక్కువగా, ఒకే మడిలో నిలబడి అడుగుతూ వచ్చారు. వాళ్లకు దొరికిన జవాబులో మన వరి పొలానికీ పత్తి చేనుకూ కావలసింది చాలా ఉంది. కొంత మనకు కుదరనిదీ ఉంది.

ఆ మడి దక్షిణాఫ్రికాలో డర్బన్ నగరానికి దగ్గర్లో, మౌంట్ ఎడ్జ్‌కంబ్ అనే చోట ఉంది. తెలుగువాళ్లకు ఆ నేల మరీ పరాయిది కాదు. 1860 నవంబర్ 16న మద్రాసు నుంచి బయల్దేరిన ట్రూరో అనే ఓడ డర్బన్ రేవు చేరింది. చెరకు తోటల్లో పనికి ఒప్పందం మీద కూలీలను నటాల్‌కు తీసుకెళ్లిన మొదటి ఓడ అది. ఆ తర్వాత యాభై ఏళ్లపాటు వెళ్లిన ఓడల్లో తమిళులతో పాటు ఉత్తరాంధ్ర, గోదావరి, చిత్తూరు ప్రాంతాల తెలుగువాళ్లూ వేలమంది ఉన్నారు. మౌంట్ ఎడ్జ్‌కంబ్ చెరకు ఎస్టేటులో పందొమ్మిదో శతాబ్దం చివర వినాయకుడి గుడి కట్టిన పనివాడి పేరు కిష్టప్ప రెడ్డి. మనవాళ్ల చెమట ఇంకిన ఆ ఊళ్లోనే 1939లో చెరకు పరిశోధన కేంద్రం వాళ్లు ఒక ప్రయోగం మొదలుపెట్టారు. దాన్ని ఇప్పటిదాకా ఆపలేదు. చెరకు ఆకు యాజమాన్యం మీద ప్రపంచంలో నడుస్తున్న ప్రయోగాల్లో అంతకంటే పాతది లేదు.

ప్రయోగం చాలా సాదాది. కొన్ని మళ్లలో కోతకు ముందు తోటను తగలబెట్టి, మిగిలిన కొసలను కూడా ఏరి బయట పారేస్తారు. కొన్నింట్లో తగలబెట్టినా కొసలను నేల మీద పరుస్తారు. ఇంకొన్నింట్లో మంటే పెట్టరు. పచ్చిగానే కొట్టి, ఎండాకునంతా నేల మీద దుప్పటిలా కప్పేస్తారు. ప్రతి పద్ధతిలోనూ ఎరువు వేసే మళ్లు, వేయనివి విడివిడిగా ఉంటాయి. ఏటా ఇదే వరస.

సుమారు అరవై ఏళ్ల తర్వాత మట్టిని పరీక్షించినప్పుడు తేడాలు వరుస క్రమంలో కనిపించాయి. తగలబెట్టి ఊడ్చేసిన మడిలో సేంద్రియ కర్బనం అన్నింటికంటే తక్కువ. కొసలు పరిచిన దాంట్లో కొంచెం మెరుగు. ఆకు కప్పిన మడిలో అన్నింటికంటే ఎక్కువ. సూక్ష్మజీవుల రాశిలోనూ ఇదే వరుస. ఇక్కడ ఇంకో రెండు సంగతులు పట్టించుకోవాలి. ఈ లాభమంతా పైపొరలోనే, ముఖ్యంగా పై పది సెంటీమీటర్లలోనే ఉంది. లోతుకు పోయేకొద్దీ తేడా చెరిగిపోయింది. రెండోది, ఏటా రసాయన ఎరువు పడిన మళ్లలో నేల ఆమ్లత్వం పెరిగింది. ఆకు కప్పినంత మాత్రాన ఆ నష్టం పూడలేదు. నేల ఆరోగ్యం ఒక్క పనితో బాగుపడదని అరవై ఏళ్ల ప్రయోగం చెప్పిన మాటను మనం ఒక్క సీజన్ ఫలితం చూసి మరిచిపోకూడదు.

ప్రపంచంలో చెరకు పండించే పెద్ద దేశాలు ఈ దారికి మెల్లగా వచ్చాయి. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ రైతులు 1980ల నుంచి పచ్చి కోతకు, ఆకు దుప్పటికి మళ్లారు. బ్రెజిల్‌లో సావో పాలో రాష్ట్రం 2002లో చట్టం చేసి చెరకు తోటల మంటలను దశలవారీగా ఆపించింది. మన దగ్గర కథ వేరు. ఆంధ్ర, తెలంగాణల్లో చెరకును ముందుగా తగలబెట్టి నరకడం రివాజు కాదు. కత్తితో పచ్చిగానే కొడతారు. మంట పెట్టేది కొట్టాక, పాత మోళ్ల నుంచి కార్శి తోట లేపే ముందు. ఎకరాకు మూడు నాలుగు టన్నుల ఎండాకు అడ్డం పడి ఉంటే మోళ్లు చెక్కడం, బోదెలు సరిచేయడం, నీళ్లు పెట్టడం కష్టమని రైతు అంటాడు. ఆ మాట నిజమే.

1913లో మొదలైన అనకాపల్లి పరిశోధన కేంద్రం చెరకు ఆకును వృథా కానీయకుండా ఒక చిన్న వాడకం నేర్పింది. మొక్క తోట నాటిన మూడో రోజున ఎకరాకు సుమారు 1.2 టన్నుల చెరకు చెత్త కప్పమని చెప్పింది. ఎండాకాలంలో తడి ఆరిపోకుండా ఆపడం ఒక లాభం. లేత తోటలో సుడిని చంపే పీక పురుగు తగ్గడం రెండోది. పురుగు మందు పని చేసిపెట్టే ఆకును అగ్గిపుల్లకు అప్పగించడం ఎంత నష్టమో ఆ సలహా చూస్తే అర్థమవుతుంది.

ఇక వరంగల్‌కు వద్దాం. ఇక్కడ ఎక్కువగా ఉన్నవి ఎర్రటి చెలక నేలలు. పక్కనే కొంత దుబ్బ, పల్లపు ప్రాంతాల్లో రేగడి. చెలక నేలకు పుట్టుకతోనే రెండు బలహీనతలు. అందులో బంకమన్ను తక్కువ. ఉన్న కొద్ది బంకమన్ను కూడా ఎక్కువగా కయొలినైట్ అనే రకం. రేగడిలోని స్మెక్టైట్ బంకమన్ను పొటాష్, కాల్షియం, అమ్మోనియం వంటి పోషకాలను తన పొరలకు పట్టి ఉంచుతుంది. కయొలినైట్‌కు ఆ శక్తి చాలా తక్కువ. అందుకే చెలకలో పోషకాలను పట్టి ఉంచే పనిలో పెద్ద పాలు చివికిన సేంద్రియ పదార్థం మీదే పడుతుంది. నల్లరేగడి రైతు కర్బనాన్ని పోగొట్టుకున్నా నేలలో ఇంకో ఆధారం ఉంటుంది. చెలక రైతుకు ఆ ఆధారం లేదు. ఎండాకాలంలో ఉష్ణోగ్రత 42 డిగ్రీలు దాటే ఈ ప్రాంతంలో సేంద్రియ పదార్థం చల్లని దేశాల కంటే ఎన్నో రెట్లు వేగంగా కుళ్లి గాలిలో కలిసిపోతుంది. మట్టి పరీక్షల్లో అర శాతం కర్బనం కూడా లేని చేన్లు తెలంగాణలో కొల్లలుగా ఉండటానికి కారణం ఈ ఎండ ఒక్కటే కాదు. నేలకు మనం తిరిగి ఇచ్చేది తగ్గిపోవడం దానికంటే పెద్ద కారణం.

ఒకప్పుడు వరిని కొడవలితో నేల దగ్గరికి కోసేవాళ్లు. గడ్డి వామై నిలిచేది, ఎడ్లూ బర్రెలూ తినేవి, పేడ పెంటకుప్పకు చేరేది, ఎండాకాలంలో బండ్ల మీద మళ్లీ పొలానికి పోయేది. ఆ చక్రంలో నేల నుంచి తీసుకున్నదాంట్లో మంచి భాగం వెనక్కి వచ్చేది. ట్రాక్టరు వచ్చాక ఎడ్లు పోయాయి. హార్వెస్టరు వచ్చాక గడ్డి పొలంలోనే చాళ్లుగా పడిపోతోంది, కొయ్యకాళ్లు మోకాలెత్తున నిలిచిపోతున్నాయి. శ్రీరాంసాగర్ కాకతీయ కాలువ నీళ్లు, దేవాదుల ఎత్తిపోతల, 2018 జనవరి నుంచి వ్యవసాయానికి ఇరవైనాలుగు గంటల ఉచిత కరెంటు కలిసి యాసంగి వరిని కూడా ఊరూరా పెంచాయి. వానకాలం కోతకూ యాసంగి నాటుకూ మధ్య ఎడం కరిగిపోయింది. నారు ముదిరిపోతుంటే, హార్వెస్టరు ఆలస్యంగా దొరికితే, కూలీలు ఫలానా రోజుకే వస్తామంటే రైతు చేతిలో మిగిలే అతి చౌక పనిముట్టు అగ్గిపెట్టె. రైతును తిట్టి ఈ సమస్యను తీర్చలేం.

కానీ ఆ మంటలో ఏం పోతుందో లెక్క వేసి చూడాలి. ఎకరాకు 25 క్వింటాళ్ల వడ్లు పండితే గడ్డి, కొయ్యకాళ్లు కలిపి దాదాపు అంతే బరువు, అంటే రెండున్నర టన్నులు ఉంటాయి. టన్ను వరిగడ్డిలో సుమారు ఐదున్నర కిలోల నత్రజని, రెండు కిలోలకు పైగా భాస్వరం, 25 కిలోల పొటాషియం, కిలోకు కొంచెం మించి గంధకం ఉంటాయని మన దేశపు వ్యవసాయ శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. ఈ లెక్కన ఎకరం గడ్డిలో దాదాపు 14 కిలోల నత్రజని ఉంది. అది 30 కిలోల యూరియాకు సమానం, అంటే 45 కిలోల బస్తాలో మూడింట రెండు వంతులు. మంటలో ఈ నత్రజని దాదాపు మొత్తం పోతుంది. గంధకంలో సగానికి పైగా పోతుంది. భాస్వరం, పొటాష్ మాత్రం ఎక్కువ భాగం బూడిదలో మిగులుతాయి. కాలబెట్టిన పొలంలో తర్వాతి పైరు పచ్చగా లేస్తుందని రైతులు చెప్పే మాటలో అబద్ధం లేదు. బూడిదలోని పొటాష్ వెంటనే వేరుకు అందుతుంది. అయితే అది నీళ్లలో ఇట్టే కరిగే రూపంలో ఉంటుంది. చెలకలో దాన్ని పట్టి ఉంచే శక్తి లేదు కనుక గాలికి కొంత, మొదటి తడికి కొంత గట్టు దాటుతుంది.

అన్నింటికంటే పెద్ద నష్టం కర్బనం. గడ్డి బరువులో నలభై శాతం అదే. ఎకరానికి టన్ను కర్బనం కొన్ని నిమిషాల్లో పొగై పోతుంది. మంట వేడి నేలలో ఒకటి రెండు అంగుళాలు దాటి పెద్దగా దిగదు. అక్కడున్న సూక్ష్మజీవులు చచ్చినా కొన్ని వారాల్లో మళ్లీ పెరుగుతాయి. అవి తినాల్సిన తిండి కాలిపోయిందే, దాన్ని ఎవరూ తిరిగి పెట్టరు. ఇది కాక ప్రతి ఎండాకాలం గట్ల మీది తాటిచెట్లు, ఈతచెట్లు ఈ మంటలకు మాడిపోతున్నాయి. పొలం ఒకరిది, చెట్టు మీద బతుకు ఇంకొకరిది. గీత కార్మికుడికి ఆ చెట్టు మళ్లీ అంత కావడానికి అతని వయసు సరిపోదు.

గడ్డిని కట్టలు కట్టించి అమ్మితే మంచిదని చాలామంది అంటారు. పొగ ఉండదు, పాడి రైతుకు మేత దొరుకుతుంది, చేతికి నాలుగు డబ్బులు వస్తాయి. అవన్నీ నిజమే. నేల వైపు నుంచి చూస్తే మాత్రం అది మంట కంటే మేలని చెప్పలేను. మంటలో బూడిదైనా మిగిలేది. లారీ ఎక్కిన కట్టలతో ఎకరానికి అరవై కిలోల పొటాషియం కూడా ఊరు దాటుతుంది. గడ్డి అమ్మేవాళ్లు అమ్మిన ధరలోంచి పెంటకూ పొటాష్‌కూ కొంత పక్కన పెట్టాలి. కనీసం కొయ్యకాళ్లనైనా నేలకు వదిలేయాలి.

అలా వదిలేస్తే వెంటనే లాభమా? కాదు. ఇక్కడే చాలామంది రైతులు దెబ్బ తిని, మళ్లీ అగ్గిపెట్టె పట్టారు. కారణం సూక్ష్మజీవుల ఆకలిలో ఉంది. వాటి ఒంటికి సుమారు ఇరవైనాలుగు పాళ్ల కర్బనానికి ఒక పాలు నత్రజని సరిపోతుంది. వరిగడ్డిలో ఒక పాలు నత్రజనికి అరవై నుంచి ఎనభై పాళ్ల కర్బనం ఉంటుంది. చెరకు ఆకులో వంద దాకా. విస్తరి నిండా అన్నం పెట్టి ఒక్క గరిటె పప్పు వేసినట్టు. ఆ అన్నం తినాలంటే పప్పు ఇంకో చోటి నుంచి తెచ్చుకోవాలి. సూక్ష్మజీవులు మట్టిలో ఉన్న నత్రజనిని, మనం చల్లిన యూరియాను పైరు కంటే ముందే లాగేసుకుంటాయి. నాటిన వరి పచ్చబారక, పిలకలు వేయక నిలిచిపోతుంది. కొన్ని వారాలకు గడ్డి చివికాక ఆ నత్రజని తిరిగి నేలకు వస్తుంది. కానీ వరికి పిలకల వయసు అప్పటికే దాటిపోతుంది.

యాసంగిలో దీనికి ఇంకో చిక్కు తోడవుతుంది. డిసెంబరు, జనవరి చలిలో సూక్ష్మజీవుల పని నెమ్మదిస్తుంది, గడ్డి సగం చివికి ఉండగానే నాటు పడుతుంది. నిలువ నీటి కింద మట్టిలో ప్రాణవాయువు ఒకటి రెండు రోజుల్లోనే అయిపోతుంది. అప్పుడు గాలి అక్కర్లేని సూక్ష్మజీవులు రంగంలోకి వస్తాయి. అవి మొదట నైట్రేట్‌ను, తర్వాత మాంగనీసును, ఇనుమును, చివరకు గంధకాన్ని వాడుకుని శ్వాసిస్తాయి. గంధకం దాకా వచ్చేసరికి హైడ్రోజన్ సల్ఫైడ్ అనే వాయువు పుడుతుంది. మడిలో కాలు పెడితే బుడగలు లేస్తాయి, కుళ్లిన గుడ్డు వాసన కొడుతుంది, పీకి చూస్తే వేర్లు నల్లబడి ఉంటాయి. దీన్నే మన శాస్త్రవేత్తలు సల్ఫైడ్ దుష్ప్రభావం అంటారు. ఇనుము దండిగా ఉన్న మట్టిలో ఈ వాయువు ఇనుముతో కలిసి నల్లటి గసిగా మారి కొంత అణుగుతుంది. ఇసుక పాలు ఎక్కువగా ఉండి ఇనుము తక్కువైన మళ్లలో వేరుకే తగులుతుంది. ఇక్కడ పైరు పసుపెక్కిందని ఇంకో బస్తా యూరియా చల్లితే ఒరిగేదేమీ లేదు. నల్లబడిన వేరు దాన్ని తీసుకోలేదు. నీళ్లు తీసేసి, మడిని సన్నని నెర్రెలు వచ్చేదాకా ఆరబెట్టి, మళ్లీ కొత్త నీరు పెట్టాలి. గాలి తగలగానే రెండు మూడు రోజుల్లో తెల్లటి కొత్త వేర్లు పుడతాయి.

కాబట్టి కొయ్యకాలును నేలలో కలపడంలో అసలు మెలకువ యంత్రంలో లేదు, రోజుల లెక్కలో ఉంది. కోసిన వెంటనే, నేలలో ఇంకా చెమ్మ ఉండగానే, నీళ్లు నిలపకుండా కలియదున్ని రెండు మూడు వారాలు గాలికి వదిలితే కుళ్లడంలో మొదటి ఉధృతి గాలి ఆడే మట్టిలోనే అయిపోతుంది. నత్రజనిని లాక్కోవడం అప్పుడే జరిగిపోతుంది, సల్ఫైడ్‌కు తావు తగ్గుతుంది. నీటి కింద గడ్డి కుళ్లినప్పుడు పుట్టే మీథేన్ కూడా తగ్గుతుంది. ఆ తర్వాతే దమ్ము చేయాలి. ఎకరాకు యాభై కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ చల్లి కలియదున్నమని తెలంగాణ వ్యవసాయ శాస్త్రవేత్తలు ఏళ్లుగా చెబుతున్నారు. సూక్ష్మజీవుల పెరుగుదలకు భాస్వరం కావాలి కనుక అది పని చేస్తుంది. సూపర్‌లో గంధకం కూడా ఉంటుంది. చల్లిన మర్నాడే నీళ్లు కట్టి నాటేసే మడిలో దాన్ని తొందరపడి వాడవద్దని నా మనవి.

రెండు మూడు వారాలు ఎక్కణ్నుంచి తేవాలి? దీనికి జవాబు గింజలోనే కొంత ఉంది. వరంగల్‌లో ములుగు రోడ్డు మీదున్న ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం నుంచి వరంగల్ సాంబ, వరంగల్ సన్నాలు, సిద్ధి లాంటి వరి రకాలు వచ్చాయి. రకాన్ని ఎంచుకునేటప్పుడు దిగుబడి, బియ్యం సన్నదనం అడిగినట్టే, ఎన్ని రోజులకు కోతకు వస్తుందో, ఆ తర్వాత నేలకు ఎన్ని రోజులు మిగులుతాయో కూడా అడగాలి. వారం పది రోజులు ముందే కోతకు వచ్చే రకం కొయ్యకాలుకు ఆ వారం పది రోజులూ ఇస్తుంది. రెండో పంటగా వరి వదిలేసి, దున్నకుండానే కొయ్యకాళ్ల మధ్య మొక్కజొన్న విత్తేవాళ్లకు ఈ తొందరే లేదు. జీరో టిల్లేజ్ మొక్కజొన్నలో కొయ్యకాలు నిలబడే ఉండి చెమ్మ కాపాడుతుంది, నెమ్మదిగా చివుకుతుంది. చెరకు తోటలో ఆకు దుప్పటి చేసే పనికి మన ప్రాంతంలో అన్నింటికంటే దగ్గరి పని ఇదే. వీలున్న ప్రతి రైతూ ఒక్క మడిలోనైనా చేసి చూడాలి.

యాసంగి కోత తర్వాత మాత్రం సమయానికి కొరత లేదు. ఏప్రిల్, మే నెలల్లో కోసిన పొలం జూలై దాకా ఖాళీగానే ఉంటుంది. ఆ నెలల్లో పెట్టే మంటకు ఏ తొందరా కారణం కాదు, అలవాటు తప్ప. తొలకరికి కొయ్యకాళ్లను దున్ని జీలుగో జనుమో పిల్లిపెసరో చల్లితే, పూత దశలో కలియదున్నిన ఆ పచ్చిరొట్టలో నత్రజని పాలు ఎక్కువ కనుక గడ్డిలోని లోటు పూడుతుంది. ఎండిన వరిగడ్డి, పచ్చి జీలుగ కలిసి ఒకదాని కొరతను ఒకటి తీర్చుకుంటాయి.

పత్తి చేను సంగతి ఇంత సులువు కాదు. ఎనుమాముల మార్కెట్‌కు పత్తి బస్తాలు పోయాక చేలో మిగిలేది చెక్కలాంటి కట్టె. ఒకప్పుడు అది పొయ్యిలోకి పోయేది. గ్యాసు వచ్చాక చేలోనే కుప్పవేసి అంటిస్తున్నారు. చెరకు ఆకు కంటే, వరిగడ్డి కంటే ఇందులో లిగ్నిన్ ఎక్కువ. చెలకలో ఎండాకాలమంతా తడి ఉండదు కనుక వానలు పడేదాకా చివకడం మొదలే కాదు. ఇవి చాలక, గులాబీ రంగు పురుగు మిగిలిపోయిన కాయల్లో, కట్టెలో నిద్రావస్థలో దాగి వచ్చే పంటకు కాచుకుని ఉంటుంది. అందుకే పత్తి కట్టెను కదిలించకుండా చేలో నిలబెట్టడం, గట్టు మీద కుప్పలు పెట్టడం తప్పు. చెరకు తోటలో ఆకు కప్పితే పురుగు తగ్గింది. ఇక్కడ మోడు ఉంచితే పురుగు పెరుగుతుంది. ఒక పంట పాఠాన్ని ఇంకో పంట మీద అచ్చు గుద్దలేం.

కాలబెట్టకుండా పురుగును ఆపే దారి కట్టెను ముక్కలు చేయడం. ట్రాక్టరుకు తగిలించే ష్రెడ్డరు కట్టెను, కాయలను నలిపి తుంపులు చేస్తుంది, అందులోని పురుగూ నలుగుతుంది. ఆ తుంపులు నేల మీద పరుచుకుంటే తొలకరి చినుకుల దెబ్బ మట్టికి నేరుగా తగలదు. చెలకకు ఇది చాలా ముఖ్యం. చినుకు దెబ్బకు మట్టి రేణువులు విడిపోయి పైన సన్నని పెచ్చు కడుతుంది. ఆ పెచ్చు కింద మొలక చిక్కుకుంటుంది, పైన పడ్డ నీరు ఇంకక పారిపోతుంది. హైదరాబాద్‌లోని కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ, అందరూ క్రిడా అనేది, ఇంకో దారి చూపింది. పత్తి, కంది, ఆముదం కట్టెను గాలి సరిగా తగలని డ్రమ్ములో కాల్చి బొగ్గు పొడి చేయడం. బూడిద కాని ఆ బొగ్గులో కర్బనం కుళ్లకుండా వందల ఏళ్లు నేలలో నిలుస్తుంది. ఊరికి ఒక ష్రెడ్డరు సమయానికి అద్దెకు దొరకని చోట ఈ మాటలన్నీ కాగితం మీదే ఉంటాయి. కట్టె తుంపులు చేయడానికి అయ్యే డీజిలు ఖర్చులో కొంత ప్రభుత్వం మోయడం న్యాయం. నేలలో కర్బనం పెరిగితే బాగుపడేది ఆ ఒక్క రైతే కాదు.

ఇప్పుడు చెలక నేలలో కర్బనం నిలవడం గురించి. ఎకరం పొలంలో పై పదిహేను సెంటీమీటర్ల మట్టి సుమారు తొమ్మిది లక్షల కిలోలు తూగుతుంది. కర్బనం 0.4 నుంచి 0.5 శాతానికి పెరగాలంటే తొమ్మిది వందల కిలోల కర్బనం కొత్తగా అందులో నిలవాలి. ఒక పంట కొయ్యకాలు, గడ్డి మొత్తం నేలకిచ్చినా టన్ను కర్బనమే. అందులో ఏడాది తిరిగేసరికి ఏడో వంతో ఆరో వంతో మిగిలితే గొప్ప, తక్కినది సూక్ష్మజీవుల శ్వాసగా గాలిలోకి పోతుంది. అంటే ఆరేడు పంటల గడ్డి కలిపితే 0.1 శాతం పెరుగుదల. అదీ పాత కర్బనం ఏమీ తరగదనుకుంటే. మౌంట్ ఎడ్జ్‌కంబ్‌లో అరవై ఏళ్లు ఎందుకు పట్టిందో ఈ లెక్క చూస్తే తెలుస్తుంది.

ఆ మిగిలిన కర్బనం కూడా ఊరికే మిగలదు. చివికిన పదార్థం బంకమన్ను రేణువులకు అతుక్కుని, శిలీంధ్రాల దారాలు, సూక్ష్మజీవుల జిగురు చుట్టూ మట్టి చిన్న చిన్న ఉండలు కట్టినప్పుడు, ఆ ఉండల లోపల చిక్కిన కర్బనాన్ని ఇతర జీవులు అంత త్వరగా అందుకోలేవు. బంకమన్ను తక్కువైన చెలకలో ఈ చోటు తక్కువ. గడ్డి ఎంత కలిపినా కర్బనం జారిపోతుంది. దీనికి విరుగుడు ఓరుగల్లు దేశంలో ఎనిమిది వందల ఏళ్లుగా ఊరూరా ఉంది. పాకాల, రామప్ప, లక్నవరం కట్టిన కాకతీయుల కాలం నుంచి చెరువుల్లో పేరుకుంటున్నది ఈ పొలాల నుంచే కొట్టుకుపోయిన సన్నని బంకమన్ను. ఎండాకాలంలో ఒండ్రు తోడి చెలకకు తోలడం పాత ఆచారం. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో పూడికను రైతులు ట్రాక్టర్లతో పొలాలకు తోలుకున్నది అందుకే. చెరువు మట్టిని చాలామంది ఎరువుగానే చూస్తారు. ఎరువు బలం రెండు మూడేళ్లకు తీరిపోవచ్చు. అది తెచ్చిన బంకమన్ను మాత్రం నేలలోనే ఉంటుంది, ఆ తర్వాత కలిపే ప్రతి గడ్డిపోచకూ పట్టు ఇస్తుంది. కొయ్యకాలు కలపడం, చెరువు మట్టి తోలడం వేర్వేరు పథకాలుగా వేర్వేరు శాఖల కింద నడవడం వల్ల ఈ జోడింపు ఎవరి కంటా పడటం లేదు. పూడిక తోలిన చెలకలోనే, అదే ఏడాది, కొయ్యకాలు కలపడం మొదలుపెట్టాలి.

అప్పటి వరంగల్ జిల్లాలో, ఇప్పుడు జనగామ జిల్లాలో ఉన్న ఏనబావి అనే చిన్న ఊరు 2006లో తమ పొలాల్లో రసాయనాలు వాడబోమని ప్రకటించుకుంది. అక్కడి రైతులు చెరువు మట్టి, పెంట, పచ్చిరొట్ట, కషాయాలు కలగలిపి వాడారు. జగిత్యాల పరిశోధన స్థానంలో 2000 నుంచి వరి తర్వాత వరి వేస్తూ నడుపుతున్న దీర్ఘకాలిక ఎరువుల ప్రయోగం రసాయన ఎరువుకు పశువుల పెంట తోడైన మళ్లే నేలకూ దిగుబడికీ మేలని చూపించింది. రసాయనం వద్దన్న ఊరూ, వాడుతున్న పరిశోధన స్థానమూ ఒక విషయంలో కలుస్తున్నాయి. నేలకు ప్రతి ఏటా కొంత సేంద్రియ పదార్థం వెనక్కి వెళ్లాలి. పెంట దొరకని ఇంటికి ఆ పదార్థం పొలంలోనే కొయ్యకాలు రూపంలో నిలబడి ఉంది.

కొయ్యకాలు కలపడం మొదలుపెట్టే రైతు మొదటి ఏడాదే మట్టి పరీక్ష చేయించుకోవాలి. నేల ఆరోగ్య కార్డులో సేంద్రియ కర్బనం అని ఒక గడి ఉంటుంది. 0.5 కంటే తక్కువైతే లోపం, 0.75 దాటితే మెరుగు. యూరియా మోతాదు చూసినంత శ్రద్ధగా ఆ గడిని చూసేవాళ్లు తక్కువ. యాసంగి కోత అయ్యాక, పెంట గానీ ఎరువు గానీ వేయకముందు, మట్టి తీయాలి. మూడు నాలుగేళ్ల తర్వాత అదే మడిలో, అదే నెలలో మళ్లీ తీయాలి. పైన ఉన్న గడ్డీ గాదం పక్కకు నెట్టి, వి ఆకారంలో పదిహేను సెంటీమీటర్ల గుంట తవ్వి, గోడ నుంచి పై నుంచి కింది దాకా సమంగా గీరి, ఎనిమిది పది చోట్ల మట్టి కలిపి నాలుగు భాగాలు చేస్తూ అరకిలో మిగల్చాలి. వీలైతే ఇంకో సంచిలో పై ఐదు సెంటీమీటర్ల మట్టి మాత్రమే విడిగా తీసి పరీక్షకు ఇవ్వండి. మార్పు ముందుగా కనిపించేది అక్కడే. లోతు మట్టితో కలిపేస్తే నాలుగేళ్ల కష్టం సగటులో కలిసిపోయి కంటికి ఆనదు.